బ్లాగు గురువులూ, బుడ్డలు ఒలిచే మా అమ్మా

రచయితలకు ఊరికే సాయం చేసేవాళ్లు లోకంలో ఇంతమంది ఉన్నారని నా మొదటి పుస్తకం అచ్చయ్యేదాకా నాకు తెలియదు. ముందే తెలిసుంటే భయపడి అచ్చు వేయించేదాన్నే కాదు. రాయదుర్గంలో మాది జిప్పులు, గుండీలు, దారపు రీళ్లు అమ్మే అంగడి. జీన్స్ కుట్టే యూనిట్లవాళ్లు పొద్దున పదింటికల్లా వచ్చి కావాల్సినవి పట్టుకుపోతారు. ఆ తర్వాత మూడింటిదాకా అంగట్లో కూర్చుని ఈగలు తోలుకోవడమే పని. నేను ఈగల్ని వాటి మానాన వదిలేసి ఫోన్లో బ్లాగులు చదవడం మొదలుపెట్టాను. రచన మెరుగుపరుచుకోవడం ఎలా, పుస్తకం అమ్ముకోవడం ఎలా, పాఠకుల్ని పట్టుకోవడం ఎలా. పట్టుకోవడం అనే మాటే వాడతారు వాళ్లు, పాఠకులేదో తాడు తెంచుకుని పారిపోయినట్టు.

మొదటి పుస్తకం ప్రతులు చాలావరకు అట్టపెట్టెల్లో మా మంచం కింద ఉన్నాయి. మా ఆయన ఆ పుస్తకాన్ని ఒక్కనాడూ తిట్టలేదు. మంచం నడుమ కుంగడం మానిందని మెచ్చుకున్నాడు కూడా. తొలి ప్రతిని మాత్రం కుందుర్పి పక్కన మా పుట్టింటికి తీసుకుపోయి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మకు చదువు రాదు. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పింది, చేత్తో బరువు చూసింది, వెనక అట్ట మీద నా ఫోటో చూసి, “ఒళ్లు సేసినావే పాపా,” అంది. తర్వాత దాన్ని గూట్లో అగ్గిపెట్టె పక్కన పెట్టి పేడకళ్లు ఎత్తడానికి పోయింది. ఒక్క కథన్నా చదివి వినిపించమంటుందేమోనని నేను సాయంత్రందాకా కూర్చున్నాను. బస్సుకు టైమయింది, పొమ్మంది.

ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒకటి గట్టిగా అనుకున్నాను. నాకు బహుమతులొద్దు, శాలువాలొద్దు. నేను రాసింది చదువుతుంటే మా అమ్మ ఒక్కసారి చేతిలో పని ఆపి వినాలి, అంతే. ఆమె పని ఆపడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇంత చిన్న కోరికకు అన్ని బ్లాగులెందుకని ఎవరైనా అడగొచ్చు. నన్ను నేను అడగలేదు, అదే తప్పు.

బ్లాగుల్లో ఒకాయన మంచి రచయిత కావడానికి ఏడు మెట్లన్నాడు. ఇంకొకాయన పదకొండన్నాడు. మూడో ఆమె మెట్లెక్కే అవసరమే లేదు, లిఫ్టు ఉందంది. ఆ లిఫ్టు ఆమె ఆన్‌లైన్ కోర్సులో ఉంది. వీళ్లలో చాలామంది రాసింది ఒక్కో పుస్తకమే, అదీ పుస్తకాలు ఎలా రాయాలో చెప్పే పుస్తకం. అయినా నేను ఒక్కరినీ అవమానించలేదు. అందరి మాటా విన్నాను.

రోజూ తెల్లవారుజామున ఐదింటికి లేచి, లోకం ఇంకా నిద్రలో ఉండగానే రాయాలన్నారు. మా వీధికి కుళాయి వచ్చేదే ఆ వేళకు, అదీ నాలుగు రోజులకోసారి. మా లోకం ఆ గంటలో నిద్రపోదు, బిందెలు పట్టుకుని కొట్లాడుకుంటుంది. నేను వరుసలో నిలబడి, బిందె మీద నోట్‌బుక్కు పెట్టుకుని ఒక పేరా రాశాను. “ఏమ్మే, నీళ్లు పొర్లిపోతాండాయి, యాడుండాది నీ ధ్యానం?” అని గడపలోంచి మా ఆయన కేక. ఆ పేరా తడిసిపోయింది, రెండు బిందెల నీళ్లూ కాలవపాలయ్యాయి. వీధిలో ఆడవాళ్లు వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

రెండో పుస్తకంలో మొదటి కథ మా అమ్మది. నా చిన్నప్పుడు, ఒక కరువు ఏడాది, విత్తనానికని దాచిపెట్టిన వేరుశనగ మూట ఏమైందో చెప్పే కథ. బ్లాగుల జోలికి పోకముందే నోట్‌బుక్కులో రాసిపెట్టుకున్నాను. దాన్ని మెరుగుపరచాలి కదా. విశేషణాలు కోసేయమన్నారు, కోసేశాను. మొదటి వాక్యానికే పాఠకుడి ఒళ్లు జలదరించాలన్నారు, కథ మొదట్లో ఒక కారు ప్రమాదం పెట్టాను. మా ఊళ్లో అప్పట్లో కారే లేదు, కాబట్టి కథను హైదరాబాదుకు మార్చాను. తర్వాత ఇంకో బ్లాగు, నీ పాఠకురాలు ఎవరో బొమ్మ గీసుకో, ఆమె వయసెంత, ఏం తాగుతుంది, సెలవు రోజు ఎక్కడికి పోతుంది, అన్నీ రాసి గోడకు అంటించుకో అంది. నేను గీసిన అమ్మాయి ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగస్తురాలు, దాల్చినచెక్క వేసిన కాఫీ తాగుతుంది. ఆమెకు విత్తనం మూటతో ఏం పని? మూట తీసేసి ప్రేమలేఖల పెట్టె పెట్టాను. అమ్మ పాత్ర ఒక ఇంటీరియర్ డిజైనర్ అయింది. మా ఆయన గోడ మీద ఆ కాగితం చూసి, “ఎవరే ఈయమ్మ? మనింట్లో అద్దెకుంటాందా?” అని అడిగాడు.

ఇక మార్కెటింగు. పుస్తకం వచ్చాక అమ్ముకోవడం కాదు, రాకముందే పాఠకుల జాబితా కట్టుకోవాలట. పేరు, ఊరు, ఫోను, ఈమెయిలు. జాబితా ఉన్న రచయితకు తిరుగులేదని ఆ బ్లాగాయన నాలుగుసార్లు చెప్పాడు, నాలుగుసార్లూ కింద గీత గీసి మరీ. నేను ఒక పొడుగాటి లెడ్జరు కొని నాలుగు గడులు గీసుకున్నాను. పుట్టింటికి పోయే దారిలో కుందుర్పి బస్టాండు దగ్గర టీ అంగడాయన్ని అడిగి ఒక కుర్చీ, ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒకామె వచ్చి, “ఏం రాసుకుంటాండావక్కా?” అంది. పేర్లూ ఫోను నంబర్లూ అన్నాను. చదువుకున్నదాన్ని, పద్ధతిగా చెప్పాననుకున్నాను.

మా ప్రాంతంలో పొడుగు పుస్తకం పట్టుకుని కుర్చీలో కూర్చున్న మనిషి పేర్లు రాసుకుంటోందంటే దానికి ఒకటే అర్థం. పంట నష్టం జాబితా. ఈ సంగతి నాకు తెలియకపోవడమేమిటి? వేరుశనగ రైతు కూతుర్ని. బ్లాగులు చదివి చదివి బుర్ర మొద్దుబారింది. అరగంటలో నా ముందు వరుస కట్టారు. ఆధార్ కార్డులు వచ్చాయి, పాసుబుక్కులు వచ్చాయి, ఎదురుగా జిరాక్సు అంగడి ముందు ఇంకో వరుస మొదలైంది. ఈమెయిలు చెప్పమంటే సర్వే నంబరు చెప్పారు. నేను ఒక్క పేరూ రాసుకోలేదు.

“అయ్యో, ఇది నా కథల బుక్కుకు అన్నా, పంటకు కాదు,” అని లేచి నిలబడి అరిచాను.

“ఏ బుక్కైతే ఏంలే, ముందు పేరెక్కించు,” అన్నాడు ఒకాయన.

“ఉరవకొండ పక్క ఇట్లనే కాదు కాదు అని రాసుకున్యారంట. మనోళ్లు పోల్యా. మల్ల ఏడ్సినారు,” అంది ఒకామె పక్కామెతో.

ఒక ముసలాయన మాత్రం తోసుకోలేదు. వరుసలో తన వంతు దాకా ఎండలో నిలబడి, వచ్చాక స్టూలు అంచు పట్టుకుని వంగి, “పోయినతూరి నా పేరు రాల్యా తల్లీ. ఈతూరన్నా రాయి,” అన్నాడు. ఇది అది కాదు పెద్దాయనా అని రెండుసార్లు చెప్పాను. తలూపి, పేరు చెప్పాడు. రాసుకోకపోతే కదిలేట్టు లేడు, రాసుకున్నాను, అడిగితే నా ఫోను నంబరూ ఇచ్చాను. నాకు చచ్చేంత సిగ్గేసింది. అప్పుడే వచ్చిన బస్సెక్కి పారిపోయాను, కుర్చీ కూడా లోపల పెట్టకుండా. నా పాఠకుల జాబితాలో మొదటి పేరు ఇప్పటికీ ఆయనదే. ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేసి, “మా ఊరి వంతు ఎప్పుడొస్తాది తల్లీ?” అని అడిగాడు. రెండుసార్లూ నిజమే చెప్పాను, రెండుసార్లూ సరేలే తల్లీ అన్నాడు. బ్లాగు గురువులు చెప్పిన పాఠకుడితో అనుబంధం అంటే ఇదేనేమో.

ఆ పారిపోవడం పారిపోవడం అమ్మ దగ్గరికే పోయాను. అక్కడ విత్తనం బుడ్డలు ఒలుస్తున్నారు. వేరుశనగ కాయల్ని మేం బుడ్డలంటాం. తిండికైతే మిషన్లో వేసి ఒలిపించొచ్చు గానీ విత్తనానికి అది పనికిరాదు. మిషన్లో గింజ మీద పొర చిట్లుతుంది, చిట్లిన గింజ మొలవదు. అందుకే తొలకరికి ముందు ఆడవాళ్లు ఆరేడుమంది వసారాలో గుండ్రంగా కూర్చుని, నడుమ కాయలు కుప్ప పోసుకుని, బొటనవేళ్లతో నొక్కి ఒక్కొక్కటే ఒలుస్తారు. మా తమ్ముడు అమ్మతోపాటే ఉండి సేద్యం చేస్తున్నాడు కాబట్టి మా ఇంట్లో ఈ పని ఇంకా సాగుతోంది.

పుస్తకం అచ్చుకు పోకముందే పదిమందికి వినిపించి, మొహమాటం లేని అభిప్రాయం తీసుకోవాలని కూడా బ్లాగుల్లో ఉంది. దానికి ఇరవై ప్రశ్నల పత్రం ఒకటి తయారు చేసి ఇచ్చారు పాపం. మా వసారాలో ఆ పత్రం అక్కర్లేదు. మాటలు చప్పగా ఉంటే చేతులు జోరుగా పోతాయి, చిటపటలు వినబడతాయి. ఎవరో కోడలు అత్తను తిరగబడి అడిగిన సంగతి మంచి పట్టులో పడితే చేతులు నెమ్మదిస్తాయి. అసలు సంగతి వచ్చేసరికి చప్పుడు పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు పొలంగట్టున ఉన్న మగవాళ్లకు కూడా తెలిసిపోయి, పని ఆపారని అరుస్తారు. మా అమ్మ చేతులు మాత్రం ఏ సంగతికీ ఆగవు. ఒకసారి వాసంలోంచి తేలు పడితే చెప్పుతో కొట్టి, చెప్పు పక్కన పెట్టి ఇంకో కాయ అందుకుంది. అటువంటి మనిషి చేతులు ఆపించాలని నేను ప్రింటు తీసిన కాగితాలు పట్టుకుని వాళ్ల మధ్య కూర్చున్నాను.

మెరుగుపరిచిన కథే చదివాను. కారు ప్రమాదంతో మొదలుపెట్టాను. చిటపటలు పెరిగాయి. ప్రేమలేఖల పెట్టె తెరిచేసరికి ఎవరి ముఖమూ కనబడలేదు, అందరూ వంగి ఒకటే ఒలుపు. డిజైనరు అమ్మ కన్నీళ్లు పెట్టుకునే చోట, బ్లాగాయన కచ్చితంగా ఏడుస్తారని హామీ ఇచ్చిన చోట, గంపలు మార్చుకోవడానికి ఇద్దరు లేచి పోయారు. కథ అయిపోయింది. మరదలు ఒక్కటే నోరు తెరిచి, “వదినా, ఆ దాల్చినచెక్క కాఫీ ఎట్ల సేస్తారు?” అంది.

“అయిపాయనా?” అంది అమ్మ.

“అయిపోయింది.”

“మూట గూడా అయిపొచ్చె,” అని ఇంకో దోసిలి దగ్గరికి లాక్కుంది.

మా తమ్ముడి సంతోషం చూడాలి. “అక్కా, రెండు పూటల పని ఒక పూటకే అయిపాయ. రేడియో పెట్టినా ఇంత జోరుగా ఒలవల్యా. రేపు గూడా ఉండి సదువక్కా, నీకు పుణ్యముంటాది,” అన్నాడు. నా జీవితంలో నా రచనకు దొరికిన మొట్టమొదటి గిరాకీ అది. ఆ బ్లాగులవాళ్లు కోరితే అతని అభిప్రాయం ఫోటోతో సహా పంపిస్తాను.

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియదు. ఆ మంట మీదే మరుసటి రోజు పొద్దున సంచి అడుగునుంచి పాత నోట్‌బుక్కు తీశాను. బాగుందని కాదు, మీకిదే తగిందన్న పంతంతో చదివాను. కారు లేదు, కాఫీ లేదు. మా ఊరు, మా ఇల్లు, ఆ ఏడాది.

ఆ ఏడాది వానకాలం వచ్చి నెల దాటినా చుక్క పడలేదు. నాయన వేరే ఊళ్లో గుంతలు తవ్వే పనికి పోయాడు. ఇంట్లో జొన్నలు అయిపోయాయి. ఎవర్నడిగినా అదే స్థితి. అటక మీద విత్తనం మూట ఒక్కటే ఉంది. మూడు రోజులు అమ్మ దాని వంక చూడలేదు. నాలుగోనాడు చెల్లెలు ఏడవడం కూడా మానేసి మూలన పడుకుంటే, అమ్మ నిచ్చెన వేసి మూట దింపింది. బుడ్డలు ఒలిచి పెనం మీద వేయించింది. ఆ తర్వాత రోజుకు కాసిన్ని చొప్పున మూట అడుగంటింది. అది అయిపోయిన వారానికే విత్తడానికి సరిపడా మంచి పదును వాన పడింది. నాయన తడుస్తూ పరుగెత్తుకొచ్చి మూట ఏదన్నాడు. పురుగు పట్టింది, పారబోసినా, అంది అమ్మ. మేం పిల్లలం మాట్లాడకుండా నిలబడ్డాం. అందరి చేలూ విత్తారు, మాది బీడుపడింది. నాయన ఇటుకలు మోయడానికి బెంగుళూరు పోయాడు.

చెల్లెలు మూలన పడుకున్న చోట ఇద్దరి చేతులు ఆగాయి. నిచ్చెన దగ్గర ఇంకో ఇద్దరివి. పురుగు పట్టిందన్న మాట దగ్గర వసారాలో చిటపట అన్నదే లేదు. నేను తలెత్తాను. అమ్మ చేతిలో సగం చిట్లిన కాయ అట్లాగే ఉంది.

నా గర్వం ఏమని చెప్పను! మెట్ల బ్లాగాయన్నీ లిఫ్టు బ్లాగామెనూ ఒకే బస్సులో ఎక్కించి తెచ్చి ఆ వసారా చూపించాలనిపించింది. ఆ గర్వం ఎంతసేపుంది? ఆడవాళ్లంతా నన్ను కాదు, అమ్మను చూస్తున్నారని గమనించేదాకా ఉంది. ఇంట్లో నలుగురి కడుపుల్లో ఉండిపోయిన అబద్ధాన్ని నేను ఆరేడుమంది ముందు, పంతం కొద్దీ, గొంతెత్తి చదివాను. నీకు బాధ కలిగించేదే రాయి అని బ్లాగుల్లో వందసార్లు చదివాను గానీ, అది ముందు ఎవరికి బాధో అడగాలని నాకు తోచనే లేదు. నోట్‌బుక్కు మూసేశాను.

“మీ నాయన పోయేదాంకా పురుగే అనుకున్యాడు,” అంది అమ్మ.

“తీసేస్తానమ్మా. అచ్చుకు పంపను.”

“యాల తీసేది? మీ నాయన ఇప్పుడొచ్చి సదువుతాడా?” అని, “వేయించిన సోట ఏమని రాసినావు? మల్ల సదువు,” అంది.

నోట్‌బుక్కు తెరిచాను. ఆ పేజీ వెతికి చదివాను. “ఆ సాయంత్రం పెనం చుట్టూ కూర్చుని నలుగురం తిన్నాం.”

“నలుగురెవరు?”

“నువ్వు, నేను, తమ్ముడు, చెల్లెలు.”

“నేను తిన్ల్యా.”

నాకు ఆ సాయంత్రం బాగా గుర్తుందనుకున్నాను. పెనం గుర్తుంది, వాసన గుర్తుంది, చెల్లెలు లేచి కూర్చోవడం గుర్తుంది. అమ్మ నోరు కదలడం కోసం ఎంత వెతుక్కున్నా ఏదీ కనబడలేదు. ఆమె తినిందని నేనే రాసేసుకున్నాను.

“ఆ పొద్దే కాదు. మూట అయిపోయేదాంకా ఒక్క గింజ నోట్లో ఏసుకోల్యా,” అంది. గొప్ప చెప్పుకుంటున్నట్టు లేదు. ఎవరో లెక్క తప్పుగా రాస్తే సరిచేస్తున్నట్టు చెప్పింది. “మీరు పిలకాయలు. నేనెట్ల తింటా? ఇత్తనం గదా.”

మరదలు కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను సంచిలో పెన్సిల్ వెతికి తీసి, నలుగురం అన్న మాట కొట్టేసి పైన ముగ్గురం అని రాశాను.

“రాసినావా? యాడ, సూపియ్యి,” అంది అమ్మ.

నోట్‌బుక్కు ఆమె ముందు పెట్టాను. ఒడిలోని పొట్టు దులుపుకుని ముందుకు జరిగింది. చదువు రాని మనిషి, పేజీ మీద వరుసలన్నీ ఒకసారి చూసి, పెన్సిల్ గీత కనబడిన చోట వేలు పెట్టింది.

“ఇదేనా?”

“అదే అమ్మా.”

“ఊఁ,” అని ఆ గీత వంక చాలాసేపు చూసింది.